రెండో సంచి

"ఈసారి కూడా ఆఖరొచ్చావంటే ఆ తీగలు పీకించేసి గొర్రెల్ని తోలిస్తా. తర్వాత ఏడ్చి లాభం లేదు," అంది గ్లెనిస్, స్టీరింగ్ ముందు కూర్చుంటూ.

"సరే, పీకించెయ్," అన్నాడు మెర్విన్. సీసాను చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకున్నాడు. మొగుడికి ఇంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆవిడకు అర్థం కాలేదు.

సముద్రానికి ఎదురుగా ఉన్న తమ పొలం వాలులో చార్డొనే ద్రాక్ష తీగలు నాటింది మెర్విన్ ఒక్కడే. అవంటే ప్రాణం. టాస్మేనియా చలిగాలికి ద్రాక్ష పండేది ఆలస్యంగా, అదీ బతిమాలితే.

ఏటా ఆ తీరంలో వైన్ చేసేవాళ్లంతా ఫెర్గస్ షెడ్డులో చేరతారు. సీసాలకు కాగితం సంచులు తొడిగి, ఏది ఎవరిదో తెలియకుండా రుచి చూసి మార్కులు వేస్తారు. ఆఖరున వచ్చినవాడు గ్లాసులన్నీ కడగాలి. ఏటా మొదట వచ్చేది ఫెర్గస్. ఏటా కడిగేది మెర్విన్. పోయిన నెల ఫెర్గస్ ఈసారి పోటీకి పెట్టబోయే తన వైన్‌లోంచే ఒక సీసా అతని చేతిలో పెట్టి, "తాగి నేర్చుకోరా," అని భుజం తట్టి మరీ వెళ్లాడు.

ఫెర్గస్ భార్య సంచులు తొడిగి, వరస కలిపేసి తెచ్చింది.

రెండో సంచిలోది నోట పెట్టగానే ఫెర్గస్ మొహం అష్టవంకర్లు తిరిగింది. "ఛీ! మా కుక్కకు కూడా పొయ్యను."

మెర్విన్ ఇంకో రెండాకులు ఎక్కువే చదివాడు. "తడిసిన గొంగళి పిండినట్టుంది. ఎవడు చేశాడో గానీ వాణ్ణి సముద్రంలో తోసెయ్యాలి," అంటూ సున్నా వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆఖరి సంచిలోది చప్పరించి మాత్రం ఇద్దరూ కళ్లు మూసుకున్నారు.

"ఇదిరా వైనంటే! నిమ్మతొక్క వాసన, నాలుక చివర సముద్రపు ఉప్పు!" అన్నాడు మెర్విన్.

సంచులు తీశారు. ఆఖరి సంచిలోది ఫెర్గస్ సీసా. రెండో సంచిలోది మెర్విన్ సీసా.

షెడ్డు రేకులు ఎగిరిపోయేలా నవ్వారు. "ఇక నిన్ను నువ్వే తోసుకోరా!" అన్నాడు ఫెర్గస్.

మెర్విన్ నోరు తెరుచుకుని ఆ రెండు సీసాలనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత అతనికీ నవ్వు మొదలైంది. అందరూ ఆపేసినా అతను ఆపలేదు. ఈల వేసుకుంటూ గ్లాసులన్నీ కడిగాడు.

తిరుగు దారిలో గ్లెనిస్ మండిపడింది. "సిగ్గు లేకపోతే సరి! నీ వైన్‌కి నువ్వే సున్నా వేసుకున్నావు. రేపే మా తమ్ముణ్ణి ట్రాక్టర్ తెమ్మంటా."

"తీగల మీద చెయ్యి వేస్తే ఊరుకోను."

"ఏం మనిషివయ్యా? మాటిచ్చావు. ఆఖరొచ్చావు."

"ఆఖరొచ్చింది నేను. మన వైన్ కాదు."

ఆవిడ కారు పక్కకు తీసి ఆపింది. "మళ్లీ చెప్పు."

మెర్విన్ నవ్వు ఆపుకుంటూ కళ్లు తుడుచుకున్నాడు.

"ఎవరితోనూ అనకు గానీ, పొద్దున మన సీసాలో నేను పోసుకొచ్చింది ఫెర్గస్ ఇచ్చిన వైనే."