పక్క సీట్లో మనిషి

"పక్క సీట్లో కూర్చున్నోడి ముఖం గూడా సూడలేదా సార్?"

హెడ్ కానిస్టేబుల్ చిన్నప్ప పెన్ను ఆపి అడిగాడు. 1996 జూన్. మదనపల్లె బస్టాండు మూలనున్న పోలీసు గది. పుంగనూరు బస్సులో రాజగోపాల్ చేతిసంచి పోయి అరగంటయింది.

"మీసం ఉండింది," అన్నాడు రాజగోపాల్.

"జిల్లాలో సగం మందికి ఉండాది. నాకూ ఉండాది. ముక్కు? చెవులు?"

రాజగోపాల్ తల దించుకున్నాడు.

"పిల్లోళ్లకు పాఠాలు సెప్పే అయివారు. గంట సేపు పక్కన కూర్చున్నోడు ఎట్లుండాడో సెప్పలేకపోతే ఎట్ల సార్? సరే, సంచిలో ఏముండె?"

"టిఫిన్ డబ్బా. గొడుగు. ఒక కవరు."

"కవర్లో భూమి కాగితాలా?"

"కాదు. చిన్న కాగితం."

"విలువ ఎంతని రాసేది?"

"రాయొద్దులే."

సంచి దొరకలేదు. ఆ ఆదివారమే ఆయన బోర్డులు రాసే సొలొమోను కొట్టుకు వెళ్లాడు.

"నాకు ముఖాలు గీయడం నేర్పాలి."

"నలభై ఎనిమిదేండ్లకా సార్? దొంగను పట్టేదానికా?" సొలొమోను నవ్వాడు.

రాజగోపాల్ బల్ల మీది పెన్సిలు చేతిలోకి తీసుకున్నాడు.

"సరే, ముందు పెన్సిలు పక్కన పెట్టండి. నెల రోజులు చెవులు మాత్రం సూడండి. రెండు చెవులూ ఒకటిగా ఉండే మనిషి యాడా లేడు."

బస్సులో చెవులు, స్టాఫ్‌రూములో గడ్డాలు, తరగతిలో కనురెప్పలు. రోజూ సాయంత్రం గంట సేపు, ఒక పేజీ. మొదటి ఏడాది అందరి ముఖాలూ గుమ్మడికాయల్లా వచ్చాయి. ఆయన మానలేదు. రెండో ఏటికి గీత కుదిరింది. నిద్ర పట్టసాగింది. అంతవరకు రిజిస్టరు చూసి పేర్లు పిలిచినవాడు, ఇప్పుడు తల ఎత్తి పిలిచేవాడు. అన్నం తినకుండా వచ్చిన పిల్లను ముఖం చూసే కనిపెట్టేవాడు.

2001 నాటికి, చనిపోయిన తమవాళ్ల ఫోటో లేనివాళ్లు, బొమ్మ గీయించుకోవడానికి చౌడేపల్లె నుంచి కుప్పం దాకా ఆయనను వెతుక్కుంటూ రాసాగారు. ఆయన అడిగేవి రెండే. నవ్వితే ఏ చెంప ముందు కదిలేది? మాట్లాడేటప్పుడు ఎటు చూసేవాళ్లు?

ఒకరోజు, కుప్పానికి బదిలీ అయిన చిన్నప్ప వచ్చాడు.

"గుర్తుండానా సార్?"

"మీసం," అన్నాడు రాజగోపాల్.

ఇద్దరూ నవ్వారు.

"మా యమ్మ జయమ్మ బొమ్మ కావాల సార్. నవ్వితే కుడి చెంప ముందు కదిలేది. మాట్లాడేటప్పుడు మనల్ని సూడదు, పొయ్యి దిక్కే సూసేది."

గంటలో బొమ్మ అయింది. చిన్నప్ప బొమ్మను రెండు చేతులా అందుకున్నాడు. టవలుతో ముఖం తుడుచుకున్నాడు.

"ఆ పొద్దు మిమ్మల్ని ఎగతాళి చేస్తి సార్."

"అది మంచి పాఠం."

"ఇంతకీ ఆ దొంగోణ్ణి గీసినారా?"

"వాడితో నాకేం పని?"

"మరి ఆ కవర్లో ఏముండె?"

"మా ఇంటామె ఫోటో. ఆమె ఆ ఏడాదే పోయింది. స్టూడియోలో పెద్దది చేయించాలని తెస్తాంటిని. ఉండిందే అదొకటి."

"అయ్యో! అయితే ఆ యమ్మ బొమ్మే మొదట గీసింటారే!"

రాజగోపాల్ పాత బొమ్మల పుస్తకం తీసి మొదటి పేజీ తెరిచాడు. అడుగున 'వసంతమ్మ' అని పేరు. పైనంతా ఖాళీ.

చిన్నప్ప పెన్సిలు ఆయన చేతిలో పెట్టాడు.

"నేనడుగుతా, సెప్పండి సార్. నవ్వితే ఏ చెంప ముందు కదిలేది?"

పెన్సిలు కాగితం దాకా వెళ్లి ఆగింది.

ఇరవై రెండేళ్లు పక్కన కూర్చున్న మనిషి ముఖం ఆయన ఇంకా గీయలేదు.