మెట్ల కింది సైకిల్

"మెట్ల కింద ఉన్నయన్నీ తీస్కపో" అంది సంయుక్త, చెవిలో ఆఫీసు మీటింగ్ వింటూనే.

పాత సామాన్లు కొనేవాడు చెప్పింది చెప్పినట్టే చేశాడు. పేపర్ల కట్టలు, విరిగిన కుర్చీ, వాటి వెనక నిలబెట్టిన లేడీస్ సైకిల్.

అది అమ్మ సైకిల్. రాజకుమారి టీచర్ ఇరవై రెండేళ్లు చిక్కడపల్లి నుంచి నారాయణగూడ బడికి దాని మీదే వెళ్లింది. ఆమె పోయి ఐదేళ్లు. మొదట్లో నాన్న బాలకిషన్ దాని మీద లైబ్రరీకి వెళ్లొచ్చేవాడు. తర్వాత తొక్కడం మానేసి, రోజూ తుడవడం ఒక్కటే పెట్టుకున్నాడు. ఇంట్లోదేగా అని తాళం వేయడు. చెవి మాత్రం ఆయన గుత్తిలోనే ఉంటుంది.

సంయుక్త సంగతి వేరు. అమ్మ పోయాక ఆ సైకిల్ వైపు సరిగ్గా చూసిందే లేదు. సాయంత్రం మెట్ల కింద ఖాళీ చూశాక గాని ఏం చేసిందో ఆమెకి తట్టలేదు. పాత సామాన్ల దుకాణానికి పరుగున వెళ్లేసరికి సైకిల్ ముక్కలై లారీ ఎక్కేసింది.

నాన్న వరంగల్‌లో మేనత్త ఇంట్లో ఉన్నాడు. దసరాకి వస్తాడు. ఆ రోజు బండ్లకి పూజ చేసేటప్పుడు మొదటి బొట్టు ఆ సైకిల్‌కే. చేతిలో పన్నెండు రోజులున్నాయి.

నిజం చెప్పేద్దామని ఫోన్ చేసింది.

"మీ అమ్మ సైకిల్ మీద దుమ్ము పడ్తదేమో, జర బట్ట కప్పు బిడ్డా" అన్నాడు నాన్న.

"కప్పిన నాన్నా."

 తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు అశోక్‌నగర్‌లో సైకిళ్లు బాగుచేసే యాదగిరికి ఫోన్లో ఫొటో చూపించింది. పోయిన దసరాకి తీసింది. దండ వేసిన సైకిల్, పక్కన నాన్న.

"అచ్చం గిట్లనే కావాలన్నా."

"ఈ మోడల్ బందయ్యి ఎన్నేండ్లాయె అక్కా! ఇప్పటి సామాన్లు దీనికి కూసోవు. మరలు కలవయి."

కలిసేవాటి కోసం సెలవు పెట్టి మరీ తిరిగింది. చైన్ కవర్ కోఠిలో దొరికింది. పెడళ్లు దోమలగూడలో మూతపడ్డ ఒక దుకాణం అటక మీద. ఫ్రేము అడిక్‌మెట్‌లో, తుక్కు గుట్ట అడుగున. దానికి చక్రాల్లేవు, సీటు లేదు. వెనక ఫ్రేముకి బిగించిన గుండ్రటి తాళం మాత్రం వేసినట్టే ఉంది.

"నూనె పోసి సూసిన. చెవి లేందే రాదు" అన్నాడు యాదగిరి. "కోస్తే ఫ్రేము ఖరాబైతది."

"మరి చక్రమెట్ల?"

"తాళం అట్లనే ఉంచి, దాని సుట్టూ స్పోకులు అల్లుత. తిరగదు గని, పూజకు నిలబడితే సాలు గదా?"

చాలనుకుంది. ఆకుపచ్చ రంగు కూడా పడ్డాక ఫొటోకీ దీనికీ తేడా కనిపించలేదు. ఎవరైనా తాళంలో చెవి పెడితే తప్ప.

దసరా పొద్దున నాన్న బంతిపూల దండ వేశాడు. బొట్టు పెట్టాడు.

"మంచిగ తుడిచినవ్ బిడ్డా" అన్నాడు.

చక్రం కింద నిమ్మకాయ పెట్టి ఆయన సైకిల్‌ని ముందుకు నెట్టాడు. కదల్లేదు. మళ్లీ నెట్టాడు. వంగి చూశాడు.

"తాళమెవరేసిన్రు?"

ఇక ఆమె వల్ల కాలేదు.

"నాన్నా, ఇది అమ్మ సైకిల్ కాదు. దాన్ని నేనే పాత సామాన్లల్ల వేసిన. ఇది అడిక్‌మెట్‌ల దొరికిన ఫ్రేముతోని కట్టించిన. నన్ను తిట్టు నాన్నా."

ఆయన తిట్టలేదు. తాళాన్ని వేలితో తడిమి చూశాడు. తర్వాత జేబులోంచి గుత్తి తీశాడు. చెవి దూర్చి తిప్పాడు.

తాళం టక్కున తెరుచుకుంది. చక్రం నిమ్మకాయ మీంచి దొర్లింది.

నాన్న కూతురి మొహం చూడలేక నేల చూస్తూ అన్నాడు: "నువ్వు పారేసింది మీ అమ్మది కాదు, నీకు తెల్వకుండ నేను కొనిపెట్టింది. మూడేండ్ల కింద నేను లైబ్రరీ ముందట తాళమేసి పోగొట్టిన మీ అమ్మ సైకిల్ ఇదే బిడ్డా."