ఆగకూడని చోట

"ఫోన్ చెయ్యమ్మాయ్! ఇంకా ఏం చూస్తున్నావ్?" కుర్దిన్ అరిచాడు.

సెరైనా చేతిలో ఫోనుంది. తెర మీద నంబరుంది. బొటనవేలు మాత్రం దాని మీదికి వెళ్లడం లేదు.

"చెయ్యను బాబాయ్."

"చెయ్యవా? మతి గానీ పోయిందా నీకు?"

మధ్యలో లోతైన గండి. దానికి అవతల, వీళ్లు నిలబడ్డదానిలాంటిదే ఇంకో మంచు వాలు. దాని మీద ఐదు నల్లటి చుక్కలు కదులుతున్నాయి. ఐదుగురు మనుషులు. కాళ్లకు స్కీలు కట్టుకుని, వాలుకు అడ్డంగా, ఆ చివరనున్న రాళ్లగుట్ట వైపు నడుస్తున్నారు. మూడు రోజులు ఊపిరాడనివ్వని తుఫాను తెల్లవారుజామున తెరిపిచ్చింది. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. అలాంటి పొద్దుట కొత్త మంచును చూసి గదిలో కూర్చోగల యాత్రికుడు ఇంకా పుట్టలేదు.

తుఫాను వెలిసిన ప్రతిసారీ పైకొచ్చి, ఏ వాలు ఎక్కొచ్చో ఏది ఎక్కకూడదో చూసి ఊరికి చెప్పడం సెరైనా ఉద్యోగం. ఆమెకు ముందు పాతికేళ్లు ఆ పని చేసినవాడు బాబాయి కుర్దినే.

పావుగంట క్రితమే ఇద్దరూ నిలువులోతు గొయ్యి తవ్వారు. గొయ్యి గోడలోంచి మంచును రంపంతో స్తంభంలా కోసి, దాని నెత్తిన పార పెట్టి, సెరైనా చేత్తో మెల్లగా తట్టింది. ఒకటి. రెండు. మూడో దెబ్బకు మీటరు మందం మంచు పలక పలకంతా జారి ఆమె ఒళ్లో పడింది. పైనంతా గాలి కొట్టి బిగించిన కొత్త మంచు. కింద పాత మంచు, పంచదార పలుకుల్లా పొడిపొడిగా.

"పంచదార మీద గాజుపలక పెట్టినట్టుంది. కాస్త బరువు పడితే వాలంతా జారిపోతుంది," అని కుర్దిన్ తలెత్తేసరికి ఎదురుగా ఆ చుక్కలు కనిపించాయి.

సెరైనా వెంటనే కొండ కింద బస నడిపే నేసాకు ఫోన్ చేసింది.

"అక్కా, మీ దగ్గర దిగినవాళ్లెవరైనా పొద్దున్నే పైకొచ్చారా?"

"ఆ డచ్ వాళ్లు ఐదుగురు. ఈ పూటకు ఆగండి నాయనా అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఎందుకే?"

"వాళ్ల నంబరేదైనా ఉందా?"

నేసా చదివింది. "ఏమైందే? నా గుండె దడదడలాడుతోంది, చెప్పవే!"

"తర్వాత చెబుతానక్కా," అని పెట్టేసింది. ప్రాణాలు కాపాడే హెలికాప్టర్ వాళ్లకు కబురు పెట్టింది. సిద్ధంగా ఉంటాం గానీ ఇప్పుడే దగ్గరికి రాలేం, మా రెక్కల గాలికే ఆ మంచు కదిలిపోతుంది అన్నారు వాళ్లు.

ఇక మిగిలింది ఫోనొక్కటే.

"వెనక్కి తిరగమని చెప్పు," అన్నాడు కుర్దిన్.

"సగానికి పైగా దాటేశారు బాబాయ్. ముందున్న రాళ్లు చేరితే గండం గడిచినట్టే, వెనక్కొస్తేనే ఎక్కువ దూరం. చూడు, ఒకరికొకరు ఎంత ఎడంగా నడుస్తున్నారో. ఇప్పుడు ఫోన్ మోగిందనుకో, ముందువాడు ఆగుతాడు. వాడాగితే వెనకవాళ్లు ఏమైందోనని వచ్చి వాడి చుట్టూ మూగుతారు. ఐదుగురి బరువూ ఒక్కచోట."

కుర్దిన్ చేతిలో పారను మంచులో గుచ్చాడు. ఆ పాఠం ఆమెకు చెప్పింది తనే.

సెరైనా దుర్భిణి కళ్లకు పెట్టుకుంది. ఎర్ర టోపీవాడు ముందున్నాడు. అడుగు తీసి అడుగు వేస్తున్నాడు. అతని పైన, వాలు నెత్తిన, గాలి పోగేసిన మంచు పెదవిలా ముందుకు వేలాడుతోంది.

"ఇంకెంత?" అన్నాడు కుర్దిన్. ముసలి కళ్లకు అంత దూరాన చుక్కలే తప్ప ఇంకేం ఆనడం లేదు.

"రాళ్లగుట్టకు ముందువాడికి ముప్ఫై అడుగులు. చివరిదానికి రెండొందలుంటాయి. ఆడపిల్ల."

"అరవై ఎనిమిదేళ్లొచ్చాయి. చేతులు కట్టుకుని నిలబడటం ఇవాళ్టికీ రాలేదు నాకు."

"నాకు మాత్రం వచ్చా?"

సెరైనా దుర్భిణి దించలేదు. ఇంకొక్క మూడు నిమిషాలు ఓర్చుకో తల్లీ, అని కొండను బతిమాలుకుంది. ఎవరినీ ఏమీ బతిమాలే మనిషి కాదు.

ఇరవై ఐదు అడుగులు. ఇరవై.

ఎర్ర టోపీ ఆగింది.

"నడు," అంది సెరైనా గొంతు లోపలే. "నడువు బాబూ, ఇంకెంతో లేదు..."

"ఏమైంది? ఆగాడా? నువ్వు గానీ నొక్కావా?"

"లేదు బాబాయ్! ఒట్టు, వేలు కూడా పెట్టలేదు!"

ఎర్ర టోపీ చేతి తొడుగు తీసి చెవి దగ్గర ఏదో పెట్టుకుంది. కాసేపటికి వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. రెండో చుక్క వచ్చి పక్కన చేరింది. మూడోది. నాలుగోది. చివరి పిల్ల రొప్పుకుంటూ పరుగులాంటి నడకతో వచ్చి చేరింది. ఐదు చుక్కలూ కలిసి ఒక్క మచ్చ అయ్యాయి.

సెరైనా చేతిలో ఫోన్ మోగింది. తెర మీద అదే నంబరు.

ఎత్తింది. అవతలి గొంతు ఆయాసపడుతూనే ఎంతో మర్యాదగా పలికింది.

"సెరైనా గారేనాండీ? నేసా గారు ఇప్పుడే ఫోన్ చేసి, మీ నంబరిచ్చి, ఉన్నపళంగా మిమ్మల్ని అడగమన్నారు. అందరికీ వినపడాలని ఒక్కచోటికి చేరి స్పీకర్ పెట్టాం. చెప్పండి మేడమ్, ఈ మంచు మమ్మల్ని మోస్తుందంటారా?"