బావ చెవిలో అంకె

"ఇంకో పది శాతం పెంచు," అన్నాడు ఛైర్మన్.

ఫైనాన్స్ మేనేజర్ చేతిలో పెన్ను కదల్లేదు. అమ్మకానికొచ్చింది ఓ చిన్న టెలికాం కంపెనీ. సగం టవర్లు తుప్పు పట్టాయి, ఉన్న కస్టమర్లు రోజూ జారిపోతున్నారు. అయినా రెండు పెద్ద కంపెనీలు దానికోసం పంతానికి పోయి ధర పెంచుకుంటూ వచ్చాయి. ఇక మిగిలింది ఆఖరి రౌండు. సాయంత్రంలోగా ఎవరి అంకె వాళ్లు కవర్లో పెట్టి, అమ్మకం చూస్తున్న బ్యాంకుకి ఇవ్వాలి. ఎక్కువ రాసినవాడిదే కంపెనీ.

"అంత అప్పు మనం మోయలేం సార్. మనకొచ్చే రాబడి వడ్డీకే చాలదు."

"కాల్ సెంటర్ మూసేస్తే చాలుతుంది."

కాల్ సెంటర్ కింది అంతస్తులోనే ఉంది. ఊరందరి తిట్లూ నవ్వుతూ వినే వందల మంది అక్కడ. మేనేజర్ భార్య అందులో షిఫ్టు ఇన్‌చార్జి. ఆ సంగతి ఛైర్మన్‌కి తెలుసు. తెలిసే అన్నాడు.

మేనేజర్ లెక్కలన్నీ మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. గోడకి చెప్పుకున్నా బాగుండేది, గోడ కనీసం విసుక్కోదు. నిజానికి ఛైర్మన్‌కి ఆ కంపెనీ మీద మోజేం లేదు. అది అవతలి ఛైర్మన్ చేతికి పోకూడదు, అంతే. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చే రకం. చివరికి తను అనుకున్న అంకే రాయించి, సంతకం పెట్టి, కవరు అంటించి, నువ్వే స్వయంగా ఇచ్చి రమ్మన్నాడు.

లిఫ్టు కింది అంతస్తులో ఆగింది. తలుపు తెరుచుకుంటే ఎదురుగా భార్య, చేతిలో టీ కప్పు. ఏమైందని కళ్లతోనే అడిగింది. ఏం లేదని తలూపాడు. తలుపు మూసుకున్నాక అతనికి ఏడుపొచ్చింది.

కారెక్కి బావకి ఫోన్ చేశాడు. బావ, అంటే అక్క మొగుడు, అవతలి కంపెనీలో లాయరు. ఈ పోటీ మొదలైన దగ్గర్నుంచీ ఇద్దరూ ఎక్కడ కలిసినా ఆ ఊసెత్తకుండా ఎండల గురించీ వానల గురించీ మాట్లాడుకుని సరిపెట్టుకుంటున్నారు.

"బావా, మా అంకె చెబుతాను. దానిమీద ఒక్క మెట్టు ఎక్కి ఆ కంపెనీ మీరే తీసుకోండి. నీకు దణ్ణం పెడతాను."

బావ గొంతు తగ్గించాడు.

"బయటపడితే నీ ఉద్యోగం ఉండదురా."

"నా ఒక్కడిదే కదా పోయేది."

అంకె చెప్పేశాడు. మా ఛైర్మన్ చెవిన వేస్తానని బావ ఫోన్ పెట్టేశాడు. చేసింది ద్రోహమేనని మేనేజర్‌కి తెలుసు. అయినా చాలా రోజుల తర్వాత గుండె తేలికపడింది. కవరు తీసుకెళ్లి బ్యాంకులో ఇచ్చాడు.

ఫలితం చెప్పే వేళకి ఛైర్మన్ కొత్త సూటు వేసుకుని బ్యాంకుకి వచ్చాడు. అవతలి ఛైర్మన్ రాలేదు, బావ ఒక్కడే వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నాడు. బ్యాంకు అధికారి లేచి, కంపెనీ మీదేనండీ అంటూ ఛైర్మన్ చెయ్యి పట్టుకుని ఊపాడు. ఛైర్మన్ ఆ ఊపులోనే మేనేజర్ భుజం తట్టి, రేపు పొద్దున్నే కాల్ సెంటర్ మూసే పని మొదలుపెట్టమన్నాడు.

మేనేజర్ పరుగున వెళ్లి, బయటికి పోతున్న బావని వరండాలో పట్టుకున్నాడు.

"ఒక్క మెట్టు ఎక్కమన్నాను కదా బావా. మీ ఛైర్మన్‌కి చెప్పలేదా?"

"చెప్పాను." బావ తల దించుకున్నాడు. "వాళ్ల మనిషే దణ్ణం పెట్టి మరీ వదిలించుకుంటున్నాడంటే అందులో ఏదో లొసుగుందని, అప్పటికే అంటించి పెట్టిన మా కవరు చింపేశాడు. అందులో అంకె మీదానికంటే ఎక్కువేరా."