ముందు నువ్వు తిను

"ముందు నువ్వు తిను," అన్నాడు జోగయ్య.

జైలు గేటు దగ్గర సంచులు తనిఖీ చేసే వార్డరతను. వరసలో ఉన్న మిగతావాళ్ల గిన్నెలు మూతలు తీసి చూసి వదిలేశాడు. దేముడమ్మ వంతు వచ్చేసరికి మాత్రం ప్రతి వారమూ ఇదే తంతు.

దేముడమ్మ విసుగ్గా ఓ గుక్క అంబలి తాగి, ఉల్లిపాయ కొరికింది. "సాలా? ఇంకా తాగాలేటి? మొత్తం నానే తాగేస్తే ఆడికేటి పెట్టాల?"

"నాకేమైనా సరదానా? పైవాళ్ల ఆర్డరు."

"ఆ ఆర్డరు నా ఒక్కదానికేనేటి బాబూ?"

జోగయ్య పక్కకి తప్పుకున్నాడు.

ఆ ఏడాది కొండల్లో యుద్ధమే నడుస్తోంది. పోలీసు క్యాంపు పడని పల్లె లేదు. పట్టుకుపోయిన కుర్రాళ్లలో తిరిగొచ్చినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. గంగులు మీద మోపింది ఖూనీ కేసు. ఇరవై రెండేళ్లవాడు, నాలుగు రోజులుగా తిండి మానేసినవాడు, లోపల ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చూడగానే దేముడమ్మకి ఒళ్లు మండింది.

"మళ్లీ మానేసినావంట?"

"ఆకల్నేదమ్మా."

"ఆకల్నేదా? నాలుగు కోసులు నడిసి, రెండు బస్సులు మారి నానొచ్చింది నీ ఎముకలు లెక్కెట్టడానికా?"

"నిన్నెవులు రమ్మన్నారు? ఊర్లో ఏటనుకుంటన్నారో నాకు తెల్దా?"

"అనుకోనీ. ఆల నోళ్లు నొప్పెడితే ఆలే మానేస్తారు."

"ఇంక రాకమ్మా. నీ ముందు నిలబడ్డానికి నాకు మొకం సెల్లట్నేదు. ఎలాగూ ఉరేసేస్తారు."

ఆవిడకి భయం వేసింది. భయం వేసినప్పుడల్లా ఆవిడ గొంతు పెద్దదవుతుంది.

"పది రోజుల్లో వాయిదా. నువ్వు నీ కాళ్ల మీద నిలబడి మాటాడాల. తుపాకీ పేలిన పొద్దు నువ్వు జొరంతో నా నడవలో పడున్నావు. గంజి కాసి పోసింది నాను. క్యాంపులో సెప్తే ఒక్కడూ రాసుకోనేదు. జడ్జీ ముందు సెప్తాను."

"నీ మాటెవులు నమ్ముతారమ్మా?"

"నా మాట నమ్మకపోతే ఇంకెవులి మాట నమ్ముతారురా? తాగు ముందు."

గంగులు ఊచల్లోంచి చెయ్యి చాపాడు. గిన్నె అందుకున్నాడు. మొదటి గుక్క కష్టంగా దిగింది. మూడో గుక్కకి ఉల్లిపాయ అడిగాడు. ఆవిడకి ఏడుపొచ్చింది గానీ, ఏడిస్తే వాడు మళ్లీ మానేస్తాడని తిట్టడమే కొనసాగించింది.

బయటికొస్తుంటే జోగయ్య గొంతు తగ్గించి అడిగాడు. "నిజంగా బోనెక్కుతావా? క్యాంపువాళ్లు ఊరుకోరు."

"ఏటి సేస్తారు? నా దగ్గర ఇంక తీసుకోడానికి ఏటున్నాది?"

"ఆ కుర్రాడి కోసం నీకెందుకింత?"

"ఒక్కడైనా ఇంటికి రావాల బాబూ," అంది దేముడమ్మ. ఈ మాత్రం తెలీదా అన్నట్టు అతన్ని చూసి, బస్సు తప్పిపోతుందని గబగబా నడిచింది.

ఖూనీ అయినవాడు ఆమె ఒక్కగానొక్క కొడుకు.