గోటి గీత

“నాన్నా, ఒక్క ఏడాది ఆగు. నా నర్సింగ్ పూర్తయిపోద్ది. తరవాత నువ్వు ఎవర్ని చేసుకోమంటే వాళ్ళనే చేసుకుంటాను.” దేవకుమారి తండ్రి కాళ్ళు పట్టుకుంది.

“ఆ ఏడాది నాకు లేదమ్మా” అన్నాడు బుల్లియ్య.

“డాక్టర్ గారు చెప్పారా?”

“ఆయన చెప్పేదేంటి? నా కళ్ళతో నేనే చూశాను.”

చూసిన మాట నిజమే. రాజమండ్రి ఆసుపత్రిలో కేన్సర్ పట్టిన కిడ్నీ తీసేశాక, గడ్డలో ఒక ప్రోటీన్ ఎంత ఉందో పరీక్ష చేయించారు. దాన్ని బట్టి మనిషి ఎన్నాళ్ళుంటాడో అంచనా వేస్తారట. డాక్టర్ అనంతకృష్ణ గారు ముచ్చటపడి స్లైడును మైక్రోస్కోపులో చూపించారు. “ఆ గోధుమరంగంతా ప్రోటీనే” అని ఇంకేదో చెప్పబోతుంటే ఆపరేషన్ థియేటర్ నుంచి పిలుపొచ్చింది. “రిపోర్టు రానీ, వచ్చేవారం మాట్లాడుకుందాం” అంటూ వెళ్ళిపోయారు.

బుల్లియ్య మళ్ళీ వెళ్ళలేదు. ముప్పై ఏళ్ళుగా కడియం నర్సరీల్లో మొక్కలకి అంట్లు కడుతున్నాడు. మొక్క వాడితే కాండాన్ని గోటితో గీకి చూస్తాడు. లోపల పచ్చగా ఉంటే నీళ్ళు పోస్తాడు. గోధుమరంగు కనిపిస్తే పీకి పారేస్తాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి పొరబడలేదు పాపం.

“పోనీ, డాక్టర్ గారినే అడుగుదాం పద నాన్నా.”

“అడిగితే మొహమాటానికి ధైర్యం చెబుతారు. తల్లి లేని పిల్లవి. రేపు నేను పోతే నీకెవరున్నారే?”

ఆ మాటకి దేవకుమారి ఏడ్చి ఊరుకుంది. పుస్తకాలు అటకెక్కించింది.

తొందరలో దొరికినవాడు కొవ్వూరులో రెండో పెళ్ళివాడు. చదువూ ఉద్యోగమూ కుదరవని పెళ్ళివారు ముందే చెప్పారు. బుల్లియ్య అన్నిటికీ తలూపాడు. అప్పగింతలప్పుడు కూతురు వెనక్కి చూడకుండా బండెక్కింది. అది తలుచుకుని బుల్లియ్య మూడు రోజులు అన్నం తినలేదు.

నాలుగో రోజు కుట్ల దగ్గర నొప్పెడితే ఆసుపత్రికి వెళ్ళాడు.

“ఏమైపోయావయ్యా? నీ రిపోర్టొచ్చి నెలయింది!” అన్నారు డాక్టర్ గారు.

“ఇంకెన్నాళ్ళుంటానండీ? దాయకుండా చెప్పండి.”

డాక్టర్ గారు నవ్వి, భుజం తట్టారు.

“ఆ గోధుమరంగు ఎంత ఎక్కువుంటే అంత మంచిదయ్యా! నీలాగా అది నిండుగా ఉన్నవాళ్ళే ఎక్కువకాలం బతుకుతున్నారు. ఆపరేషనప్పుడు నీకు రాత్రీ పగలూ సేవ చేసిందే నీ కూతురు, ఆ పిల్ల నర్సై ఇదే వార్డులో తిరగడం నువ్వు కళ్ళారా చూస్తావు.”