నిండు గ్లాసు

సారపాక దాటాక అడవి అంచున ఉన్న ఇంట్లో హెప్సిబా ఒక్కతే మోకరించింది. కళ్లు మూయగానే మళ్లీ అదే మాట వినిపించింది.

"నీళ్లు."

పోయిన వానాకాలం భర్త జోయెల్ జ్వరంతో లోపలి గదిలో పడుకుంటే, సంఘమంతా ఈ ముందుగదిలోనే ఉపవాస ప్రార్థన పెట్టింది. అప్పుడూ ప్రార్థన మధ్యలో ఆమెకు ఈ ఒక్క మాటే వినబడింది. చెప్పగానే పాస్టరమ్మ ముఖం వెలిగిపోయింది.

"అది జీవజలం చెల్లె! ప్రభువు స్వస్థత పంపిస్తుండు. గట్టిగ పాడుండ్రి!"

డోలక్ మోగింది. ఉపవాసం కదా, ఎవరూ లోపలి గదిలోని నీళ్ల బిందె జోలికి పోలేదు. అందరికంటే గట్టిగా పాడింది హెప్సిబానే.

పాట ఆగాక లోపలికి వెళ్లి చూస్తే, జోయెల్ సగం మంచం దిగి, బిందె వైపు చెయ్యి చాపి, చల్లబడి ఉన్నాడు.

ఈ రాత్రి డోలక్ లేదు. వెదురుపొదల్లో గాలి కూడా లేదు.

"నీళ్లు." గొంతు లోపలి గదిలోంచే వచ్చింది.

ఆమె గ్లాసు నింపి, ఖాళీ మంచం పక్కన పెట్టింది.

"తాగయ్యా. అప్పుడు నాకు సమజ్ గాలే. దేవుడే పిలుస్తుండనుకున్న."

లైటు ఆర్పి ఆ గది గుమ్మంలో కూర్చుంది. చాలాసేపు ఏ అలికిడీ లేదు. తర్వాత స్టీలు గ్లాసు నేల మీద రాసుకుంటూ మెల్లగా జరిగింది. వచ్చి ఆమె కాలివేళ్లకు చల్లగా తగిలి ఆగింది.

చీకట్లోనే తడిమి చూసింది. నిండుగానే ఉంది.